తోడుకోని పాలు

"పాలు తోడుకోలేదక్కా."

ఫోన్‌లో జాహిద్ మొదటి మాటే అది. పొద్దున ఆరున్నర అయింది. నేను పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు కోసం చూస్తూ, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. పలకరింపు లేదు, పాడు లేదు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళింట్లో పాలు తోడుకోకపోతే నాకెందుకు చెప్పడం? నేనేమన్నా పాలడెయిరీ పెట్టుకోని ఉన్నానా?

"చలికాలం కదప్పా, మధ్యాన్నానికి తోడుకుంటాయిలే," అన్నాను.

"మూడు దినాలుగా ఏస్తాండాను. మజ్జిగ ఏసి కాదు, మీరిచ్చిన పొడి ఏసి. మూడు తూర్లు ఏసినా ఒక తూరి కూడా తోడుకోలా. పాలు పాలుగానే ఉండాయి."

టీ నా చీర మీద ఒలికింది. కాలిందో లేదో కూడా తెలియలేదు. డెబ్బై రెండు మంది మనుషుల మీద నడిపే మందు పరీక్షలో, సీలు వేసిన కవర్లతో, తాళం వేసిన బీరువాలతో మేం కాపాడుకుంటూ వస్తున్న గుట్టును ఒక బిర్యానీ వంటాయన అర్ధ లీటరు పాలతో బయటికి లాగేశానని చెప్తున్నాడు.

"నాకు ఇచ్చింది ఉత్త పొడే కదక్కా?" అన్నాడు.

ముందు ఈ జాహిద్ ఎవరో చెప్తాను.

ఆయనది పుంగనూరే. నలభై రెండేళ్ళు. నాయన ఫకీర్ సాహెబ్ పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవాడు, ఆయన తర్వాత ఈయన. మదనపల్లెలో నిఖా అయినా, పెద్దపంజాణిలో రిసెప్షన్ అయినా, కుప్పంలో వలీమా విందు అయినా పిలుపు వస్తుంది. మాంసం, బియ్యం డేగిసాలోకి పోయి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ము పెట్టినాక ఆ ముక్కాలు గంట ఆయన అక్కడి నుంచి కదలడు. తల వంచి లోపలి చప్పుడు వింటూ, ఒక పక్క నిప్పులు తీస్తాడు, ఇంకో పక్క వేస్తాడు. ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. గడియారం చూడగా నేనెప్పుడూ చూడలేదు.

మూత తీసినాక మొదటి ముద్ద పెళ్ళింటి పెద్ద ఎదురుగా వంటాయనే తినాలి. అది ఫకీర్ సాహెబ్ పెట్టిన అలవాటు. నా చేతి కూడు నేను తిన్నాను, ఇంక మీరు తినండి అని చెప్పడం అన్నమాట. ఆ ముద్ద కోసం పెద్దలు నిలబడి చూస్తారు.

నాలుగేళ్ళ కిందట, నాయన పోయిన ఏడాది, జాహిద్ కడుపు తిరగబడింది. తిన్న పావుగంటకే మెలిపెట్టే నొప్పి, ఆ వెంటనే పరుగు. రోజుకు ఆరేడు తూర్లు. మదనపల్లెలో రక్తం చూశారు, స్కానింగ్ తీశారు, లోపలికి గొట్టం పంపి పెద్దపేగంతా చూశారు. పుండు లేదు, గడ్డ లేదు, వాపు లేదు. అక్కడి డాక్టరు దానికి ఐబీఎస్ అని పేరు చెప్పి, పేగు పాడు కాలేదు, పేగుకూ మెదడుకూ మధ్య మాటలే సరిగ్గా నడవడం లేదు అన్నాడంట.

"రిపోర్టులన్నీ బాగుండాయంట, నేనే బాగలేను. ఇంగ నన్ను యాడ మార్చుకోవాలక్కా?" అని నన్ను కలిసిన మొదటి రోజే అడిగాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తర్వాత తెలిసింది. మదనపల్లెలో ఒక పెళ్ళిలో దమ్ము మీద ఉండగా మూడు సార్లు లేచి పోవాల్సి వచ్చింది. పెళ్ళికొడుకు మేనమామ అది చూశాడు. "వంటాయనకే కడుపు సరిలేదు, ఆయన చేతి కూడు మనం తినాల్నా?" అని అందరిలో అన్నాడు. సగం మంది విస్తర్ల ముందు నుంచి లేచిపోయారు. అది అంటుకునే జబ్బు కాదని జాహిద్‌కు తెలుసు, డాక్టరు చెప్పాడు. కానీ ఆ మాట చెప్పాలంటే జబ్బు ఉందని ఒప్పుకోవాలి కదా. మసాలా పడలేదు, అంతే అని గిన్నెలు సర్దుకుని వచ్చేశాడు.

అప్పట్నుంచి వంట ఉన్న రోజుకు ముందు రోజు నుంచే పస్తు. నీళ్ళు, పాలు లేని టీ, అంతే. మొదటి ముద్ద మాత్రం తప్పదు కదా, దాన్ని దవడకు పెట్టుకుని, "బాగుండాది, వడ్డించండి" అని తలాడించి, గోడ చాటుకు పోయి ఉమ్మేసేవాడు. రెండేళ్ళుగా ఆయన తన బిర్యానీ తను మింగలేదు. వేల మందికి పెట్టిన మనిషి. ఈ మాట ఆయన భార్య ఫర్జానా నాకు చెప్పినప్పుడు నేను రాస్తున్న కాగితం మీద పెన్ను ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ నర్సు ఉద్యోగంలో నేను రక్తం చూశాను, చావులు చూశాను, ఇంత మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఇక నా సంగతి. నా పేరు అంబిక. కుప్పంలో డాక్టర్ ఉషా మేడమ్ నడిపిన ఒక స్టడీలో నర్సును. నాకు నోరెక్కువ, అది ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథకంతా అదే మూలం కాబట్టి. స్టడీ ఏమంటే, ఐబీఎస్ ఉన్నవాళ్ళకు ప్రోబయాటిక్, అంటే కడుపుకు మేలు చేస్తుందనుకునే బతికున్న బ్యాక్టీరియా, పొడి రూపంలో పన్నెండు వారాలు ఇచ్చి చూడటం. సగం మందికి అసలు పొడి, సగం మందికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్త పొడి. ఎవరికి ఏది పోతోందో మనిషికీ తెలీదు, నాకూ తెలీదు, మేడమ్‌కూ తెలీదు. పొట్లం మీద నెంబరు ఒక్కటే ఉంటుంది. ఆ నెంబర్ల జాబితా బెంగళూరులో ఒక కవరులో ఉంది. తెలిస్తే మనసు కల్పించుకుంటుంది, బాగయ్యామని కొందరు, కాలేదని కొందరు చెప్తారు, అందుకే ఈ గుట్టు.

ఈ సంగతంతా ప్రతి ఒక్కరికీ చదివి వినిపించి సంతకం తీసుకోవడం నా పని. సంతకం దాకా బాగానే వచ్చేది. "బ్యాక్టీరియా తినాల్నా?" అన్న దగ్గర బండి ఆగిపోయేది. పురుగుల్ని తినమంటావా అని ఒకాయన నా మీద లేచాడు. రోజుకు పదిమందికి ఇదంతా చెప్పలేక, నేనొక సులువు కనిపెట్టాను. "పాలలో తోడేస్తాం చూడు, ఆ తోడు మాదిరి అనుకోప్పా. కడుపుకు తోడు," అన్నాను. వెంటనే మొహాలు విప్పారేవి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జాహిద్ కూడా ఆ మాటకే సంతకం పెట్టాడు. రోజూ పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో పొడి కలుపుకుని తాగేవాడు. వారానికొకసారి నేను ఫోన్ చేసి ఎట్లుందని అడిగి, నొప్పికి సున్నా నుంచి పది దాకా నెంబరు రాసుకునేదాన్ని. మొదట ఎనిమిది. నాలుగో వారానికి ఆరు. ఏడో వారానికి మూడు. తొమ్మిదో వారంలో రెండు అని చెప్పి, "అక్కా, నిన్న బి.కొత్తకోటలో వండినా. ముద్ద మింగినా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

పదకొండో వారంలో ఈ పాల ఫోన్.

ఆ రోజు కుప్పం బస్సు వదిలేసి నేరుగా వాళ్ళింటికి పోయాను. వంటింటి గట్టు మీద మూడు స్టీలు గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో పాలు విరిగి వాసన కొడుతున్నాయి, రెండోదాంట్లో పలచగా ఉన్నాయి, మూడోది రాత్రిది, మామూలు పాలే. జాహిద్ చాప మీద మోకాళ్ళు కడుపుకు ఆనించుకుని పడుకుని ఉన్నాడు.

"మొన్నట్నుంచి మళ్ళా మొదలాయ," అంది ఫర్జానా. "రాత్రి ఐదు తూర్లు లేసినాడు. నాలుగు దినాల్లో కుప్పంలో ఎనిమిది నూర్ల మందికి వంట ఉండాది. ఇంకో వంటాయనకు అప్పజెప్తానంటాండాడు. ఇది వదిలేస్తే ఇంగ ఎవురు పిలుస్తారక్కా?"

నాకు కోపమే ముందు వచ్చింది. "యాలప్పా ఇట్ల చేసినావు? మందును పరీక్ష పెట్టమని నీకెవరు చెప్పినారు?"

"పరీక్ష పెట్టలేదక్కా," అన్నాడు. లేచి కూర్చోవడానికే కష్టపడ్డాడు. "ఇంగ వారానికి మీ స్టడీ అయిపోతాది, పొడి ఇయ్యరు. నువ్వే కదా తోడు మాదిరి అంటివి. తోడయితే ఒక సుక్క ఉంటే సాలు కదా. దినామూ రవ్వంత తీసిపెట్టుకుంటే జన్మంతా వస్తాది. మా అమ్మ తోడు నలభై ఏండ్లుగా ఆరిపోలా. అట్ల కాపాడుకుందామని, పెట్టెలో ఎక్కువగా ఇచ్చిన పొట్లాలతో ఏసినా."

మా మోసం పట్టుకోవాలని కాదు, మందును బతికించుకోవాలని చూశాడు. పాలు పెరుగు చేసే ప్రతి ఇంట్లో ఎవరికైనా రావాల్సిన ఆలోచన అది. నాకు రాలేదు. చెప్పిన నోరు నాది.

వాళ్ళ గుమ్మంలో నిలబడే ఉషా మేడమ్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "ఆయనకు తోడు అని ఎవరు చెప్పారు అంబికా?" అంది.

"నేనే మేడమ్."

"ఇంకెంతమందికి చెప్పావు?"

"అందరికీ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. బ్యాక్టీరియా అంటే ఒకటి కాదు, వేల రకాలు. పాలను పెరుగు చేసేవి వేరు. మనం ఇచ్చేది గాలి తగలని పెద్దపేగులో బతికే రకం, పాలను తోడుకునేట్టు చేయడం దానికి చేతకాదు. అసలు పొడి వేసినా ఆ పాలు అట్లే ఉంటాయి, ఉత్త పొడి వేసినా అట్లే ఉంటాయి. ఒక రకం పనిచేసిందని ఇంకో రకం పనిచేస్తుందని కూడా చెప్పలేం. కంపెనీలు ఆ మాట చెప్పవు, ఒక పేరు మీద అన్నీ అమ్ముతాయి.

"అయితే ఆయనది ఏ పొడో?"

"నీకు తెలియనట్టే నాకూ తెలియదు."

లోపలికి పోయి అదంతా చెప్పాను. జాహిద్ కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే నాది అసలుదేనా?"

"తెలీదప్పా."

"ఉత్తదా?"

"అదీ తెలీదు. తోడు అని చెప్పడం నా తప్పు. ఆ పాలకూ నీ పొడికీ సంబంధమే లేదు."

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. పాలు చూసి రోషంతో పొడి తాగడం మానేసి ఉంటాడు, అందుకే నొప్పి తిరిగొచ్చింది అనుకున్నాను. "పొడి ఎప్పుడు మానేసినావు?" అన్నాను.

"మానలేదే," అన్నాడు. "పన్నెండు వారాలు తాగుతానని మాట ఇచ్చినా కదా. ఈ పొద్దు కూడా తాగినా."

నేను కాగితం తీసి పొట్లాలు లెక్కపెట్టాను. నిజమే, ఒక్క రోజు కూడా తప్పలేదు. అదే పొడి, అదే నీళ్ళు, అదే మనిషి. మారింది ఒక గిన్నె పాలు. నేను తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"మరి ఈ మూడు దినాల నొప్పి యాడనుంచి వచ్చిందక్కా?" అన్నాడు మెల్లగా. "నేనేమన్నా నాటకాలు ఆడతాండానా?"

ఆ మాట అడిగినప్పుడు ఆయన మొహంలో ఉన్న భయం నేను మరిచిపోలేను. ఉత్త పొడి ఇచ్చారన్న దానికంటే ఇది ఎక్కువ దెబ్బ. నాటకం కాదని నాకు తెలుసు, రాత్రంతా లేచిన మనిషి కళ్ళు అట్లా నాటకం ఆడవు. మేడమ్‌కు మళ్ళా ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "నటన కాదు జాహిద్ గారూ," అంది ఆమె. "భయపడితే గుండె దడదడ కొట్టుకోదా? అది నటనా? పేగు కూడా అంతే. మనసు బెదిరితే నిజంగానే ముడుచుకుంటుంది, నిజంగానే నొప్పి పుడుతుంది. మీ జబ్బే అది." జాహిద్ ఫోన్ వైపు నోరు తెరుచుకుని చూశాడు. నాలుగేళ్ళలో ఒక డాక్టరు ఆయన్ను గారూ అనడం, నొప్పి నిజమే అనడం, రెండూ అదే మొదటిసారంట.

నాలుగు రోజుల తర్వాత కుప్పం వంట ఆయనే చేశాడు. నొప్పి పోలేదు, ఐదు దగ్గర ఉంది. చేశాడు, ముద్ద తిన్నాడు, మింగాడు. ఒకసారి మధ్యలో లేచాడు కూడా, పన్ను నొప్పి, లవంగం పెట్టుకోని వస్తానని చెప్పి. నేను అక్కడే ఉన్నాను. అబద్ధం చెప్పి గోడ వెంబడి పరిగెత్తుతున్న ఆయన్ను చూస్తే నాకు జాలి కంటే చిరాకే ఎక్కువ కలిగింది, ఆయన మీద కాదు, ఆ అబద్ధం చెప్పించే లోకం మీద.

నా తప్పు అక్కడితో తీరలేదు. మిగిలిన అందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తోడు మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పదకొండు మంది అప్పటికే పాలలో వేసి చూశారు. పదకొండు మంది! మీకు నవ్వొస్తుందేమో, మేడమ్ ఆ లెక్క విని రెండు చేతులతో తల పట్టుకుంది. పెద్దపంజాణి చౌడమ్మ ఇంట్లో అయితే పాలు గడ్డగా తోడుకున్నాయి. నాది అసలుది అని ఊరంతా చెప్పింది. అంతకు ముందు వారం దాకా నొప్పి ఏడు అని చెప్తున్న మనిషి, పాలు తోడుకున్న మరుసటి రోజు నుంచి మూడు అని చెప్పసాగింది. ఏ గిన్నెలో వేశావమ్మా అని అడిగితే, "పెరుగు గిన్నెలోనే. యాల, కడగాల్నా?" అంది. అడుగున ఉన్న పాత పెరుగే ఆ పాలకు తోడైంది.

ఎనిమిది నెలల తర్వాత బెంగళూరు కవరు తెరిచారు. ముప్పై ఆరు మందికి అసలు పొడి, ముప్పై ఆరు మందికి ఉత్తది. అసలుది తాగినవాళ్ళలో పదిహేడు మందికి బాగా తగ్గింది. ఉత్తది తాగినవాళ్ళలో పద్నాలుగు మందికి తగ్గింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే," అంది మేడమ్. "ముగ్గురి తేడా. అది పొడి చేసిందో, లెక్కలో ఊరికే వచ్చిందో చెప్పలేం. పైగా పాల గొడవొకటి."

ఆ రోజు ఆమె నన్ను కూర్చోబెట్టి చాలా చెప్పింది. లోకంలో ఇట్లాంటి స్టడీలు బోలెడు జరిగాయి. కొన్ని రకాలు కొందరికి కొంత పనిచేశాయని వచ్చింది, కొన్నింటిలో ఏ తేడా లేదు. చాలా స్టడీలు చిన్నవి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం, అన్నీ కలిపి చూసినా గట్టిగా చెప్పలేం. ఒక దేశం డాక్టర్లు పన్నెండు వారాలు వాడి చూడండి, గుణం లేకపోతే మానేయండి అంటారు. ఇంకో దేశం డాక్టర్లు స్టడీలో తప్ప ఇవ్వొద్దంటారు. ఈ జబ్బులో ఉత్త పొడికి కూడా పదిమందిలో ముగ్గురికో నలుగురికో తగ్గుతుంది, అది ఎక్కడ చూసినా అంతే. నేను అన్నీ విన్నాను, కానీ నా కళ్ళు జాబితాలో నలభై ఒకటో నెంబరు మీదే ఉన్నాయి. అది జాహిద్ నెంబరు. ఎదురుగా ఉత్త పొడి అని రాసి ఉంది. కింద చౌడమ్మది కూడా ఉత్తదే.

గిన్నె పాలు చూసి అనుమానం వస్తేనే మూడు రోజులు చాప మీద పడిపోయిన మనిషి, ఇప్పుడు నిజంగా ఉత్తదే అని తెలిస్తే ఏమవుతాడు? ఈ ఎనిమిది నెలలూ ఆయన బాగానే ఉన్నాడు. అప్పుడప్పుడూ ఒక చెడ్డ రోజు, అంతే. పిలుపులు మళ్ళా వస్తున్నాయి. "చెప్పకుండా ఉందాం మేడమ్," అన్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకుంటానని అడిగింది అదొక్కసారే.

"కవరు తెరిచాక చెప్పమని ఆయన అడిగాడు కదా. తెలుసుకునే హక్కు ఆయనది," అంది మేడమ్. "ఇంకో మాట కూడా చెప్పు. ఇది ఉత్తదే అని ముందే మొహం మీద చెప్పి ఇచ్చినా తగ్గిన స్టడీలు ఉన్నాయి."

నేను నమ్మలేదు. అయినా బయలుదేరాను.

ఆ రోజు ఆయన మదనపల్లెలో ఉన్నాడు. టమోటా మండీ కొండప్ప కూతురి రిసెప్షన్. ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో మూడు డేగిసాలు, అప్పుడే దమ్ము పెట్టారు. ఫర్జానా పక్కనే ఉల్లిగడ్డలు వేయించిన బాణలి తోముతోంది. వంట అయినాక చెప్దామనుకుని నేను ఊరికే నిలబడ్డాను. జాహిద్ నా మొహం చూసి నిప్పులు తీసే పార కింద పెట్టాడు.

"కవరు తెరిసినారా?"

"తర్వాత చెప్తాలే, వంట కానీ."

"ఇప్పుడే సెప్పక్కా. సెప్పకపోతే నాకు లోపల సప్పుడు ఇనబడదు."

చెప్పేశాను. "ఉత్తదప్పా."

ఆయన మొహంలో రంగు పోయింది. ఫర్జానా చేతిలో బాణలి జారి రేకుల షెడ్డంతా మోగింది. ఆరు నూర్ల మంది లోపల కూర్చుని ఉన్నారు, దమ్ము మీద మూడు డేగిసాలు ఉన్నాయి, నేను ఈ మనిషిని పడేశాను అనుకున్నాను.

"అందులో ఏమీ లేదా?" అన్నాడు.

"పిండి. కొంచెం తీపి. అంతే."

"అయితే తగ్గించింది ఎవరక్కా?"

ఆయన తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు, దాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు. "పొడిలో ఏమీ లేదంటే, తగ్గించుకున్నది ఇదే కదా," అన్నాడు. "దీనికి సేతనయితాది కదా." నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

ఆ వెంటనే మొహం బిగుసుకుంది. నాకు ఆ బిగుసుకోవడం తెలుసు. కడుపు పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడే కొండప్ప, తెల్ల చొక్కా, భుజాన పట్టు కండువా, "ఎంతసేపప్పా?" అంటూ షెడ్డులోకి వచ్చాడు. వెనక ఇద్దరు ముగ్గురు బంధువులు. పన్ను నొప్పి, లవంగం అంటాడని నేను ఎదురుచూశాను.

"అన్నా, నాకు ఐబీఎస్ అని పేగుల జబ్బుండాది," అన్నాడు జాహిద్. అందరికీ వినపడేట్టే అన్నాడు. "నాలుగైదు ఏండ్లుగా ఉండాది. అంటుకునేది కాదు, నా సేతికీ వంటకూ దాంతో ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు పోవాల్సి వచ్చింది, సబ్బుతో కడుక్కోని పది నిమిషాల్లో వస్తా. అంతదాకా దమ్ము మా ఆమె సూస్తాది. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే సెప్పండి."

ఫర్జానా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన పార తీసి ఆమె చేతిలో పెట్టాడు. దమ్ము ఇంకొకరికి ఇవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొండప్ప మాత్రం కదల్లేదు. జాహిద్‌నే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఇంక అయిపోయింది, ఇప్పుడు అరుస్తాడు, ఈ వార్త సాయంత్రానికి పుంగనూరు చేరుతుంది అనుకున్నాను.

"పోయిరాప్పా," అన్నాడు కొండప్ప. బంధువుల్ని లోపలికి తోలేశాడు. జాహిద్ పోయినాక నా పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు ఆయన నర్సువా అమ్మా? ఆ జబ్బు పేరు ఇంకొక తూరి సెప్పు. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి, ఐనా పరిగెత్తాల్సి వస్తాది, అదే కదా? నాకు పన్నెండేండ్లుగా ఉండాది. మా ఇంట్లో ఆడదానికి కూడా తెలీదు."